ఆటోమేటిక్ కారుకి ట్రాన్స్‌మిషన్ కూలర్ కావాలా? కొనే ముందు గేర్‌బాక్స్ ఏ రకమో చూసుకోండి

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అలిపిరి దాటి తిరుమల ఘాట్ ఎక్కుతున్న ఆటోమేటిక్ కారు. లోపల ఏడుగురు, డిక్కీ నిండా సామాన్లు, ఏసీ ఫుల్లు. ముందు బస్సులు, జీపులు. కారు పది అడుగులు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. సగం కొండ ఎక్కేసరికి డ్యాష్‌బోర్డు మీద మెసేజ్: ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది, కారు పక్కకు ఆపండి.

వేసవి సెలవుల్లో శ్రీశైలం, అరకు దారుల్లోనూ ఇలా ఆగిపోయే కార్లు కనిపిస్తుంటాయి. ఇంటికొచ్చాక చాలామంది చేసే పని ఫోన్‌లో వీడియోలు వెతకడం. ట్రాన్స్‌మిషన్ కూలర్ అనే చిన్న రేడియేటర్‌ని కారు ముందు భాగంలో బిగిస్తున్న వీడియోలు బోలెడు కనిపిస్తాయి. ఎక్కువగా అమెరికావి. అక్కడ పికప్ ట్రక్కులకు వెనక పడవలు, ట్రైలర్లు తగిలించుకుని లాగుతారు కాబట్టి ఈ కూలర్ బిగించడం ఎప్పటి నుంచో మామూలు సంగతి. మరి మన కార్లకు పనికొస్తుందా? కొన్నిటికి బాగా పనికొస్తుంది. చాలావాటికి అస్సలు పనికిరాదు. తేడా తెలియకుండా షెడ్డుకి వెళ్తే డబ్బులు పోవడమే కాదు, బాగున్న గేర్‌బాక్స్ కూడా పోయే ప్రమాదం ఉంది.

అసలు వేడి ఎక్కడ పుడుతుంది?

పాతకాలపు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేటు ఉండదు. దాని స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అలాగన్నమాట. ఇక్కడ గాలికి బదులు ఆయిల్. దాన్నే ఏటీఎఫ్ అంటారు. హైవే మీద స్పీడు అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండు వైపుల్నీ కలిపేస్తుంది, వేడి తక్కువ. ఘాట్‌లో, ట్రాఫిక్‌లో, బరువుతో మెల్లగా ఎక్కుతున్నప్పుడు ఆ లాక్ పడదు. ఇంజిన్ వైపు వేగంగా, చక్రాల వైపు నెమ్మదిగా తిరుగుతుంటే ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది.

ఏటీఎఫ్‌కి 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉండే వేడి. 120 దాటి చాలాసేపు ఉంటే ఆయిల్ త్వరగా మాడిపోతుంది, ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగి కాలిన వాసన వస్తుంది. ఆ హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందనేది మెకానిక్కుల లెక్క. ఆయిల్ పోతే సీళ్లు గట్టిపడతాయి, క్లచ్‌లు జారతాయి, అక్కడి నుంచి బిల్లు లక్షల్లోకి వెళ్తుంది.

కంపెనీ వాళ్లకి ఇది తెలియక కాదు. చాలా కార్లలో రేడియేటర్ ట్యాంకులోనే ఓ చిన్న గొట్టం పెట్టి, అందులోంచి ఏటీఎఫ్‌ని పంపి చల్లబరుస్తారు. కాకపోతే రేడియేటర్‌లో నీళ్లే 90 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంతకంటే ఆయిల్‌ని చల్లగా చేయడం దాని వల్ల కాదు. గాలితో చల్లబరిచే విడి కూలర్ ఆ పని చేస్తుంది.

మీ కారులో ఉన్నది ఏ ఆటోమేటిక్?

అసలు ప్రశ్న ఇదే. మన దగ్గర రెండు పెడల్స్ ఉన్న ప్రతి కారునీ ఆటోమేటిక్ అనేస్తాం. లోపల ఉన్నవి మాత్రం నాలుగు రకాలు.

వ్యాగన్‌ఆర్, స్విఫ్ట్, సెలెరియో, టియాగో, పంచ్ లాంటి కార్లలో ఉండేది ఏఎంటీ. అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మీ బదులు ఒక యంత్రం చేస్తుంది. ఇందులో టార్క్ కన్వర్టర్ లేదు, చల్లబరచాల్సిన ఏటీఎఫ్ లైనూ లేదు. ఘాట్‌లో కాలిన వాసన వస్తే అది క్లచ్ ప్లేటు. కూలర్ బిగిస్తామని ఎవరైనా అంటే నవ్వి వచ్చేయొచ్చు.

కియా, హ్యుందాయ్ టర్బో పెట్రోల్ మోడళ్లలోనూ, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.5 టర్బో కార్లలోనూ వచ్చే 7 స్పీడ్ డీసీటీలు డ్రై క్లచ్ రకం. పేరులోనే ఉంది, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు. వేడెక్కేది ఆ క్లచ్‌లే కాబట్టి ఆయిల్ కూలర్‌తో వాటికి ఒరిగేదేం లేదు. వీటికి మందు వేరే ఉంది. చాలామంది ఘాట్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌ని కొద్దికొద్దిగా నొక్కి పట్టుకుంటారు. డీసీటీని తగలబెట్టడానికి అంతకంటే దగ్గరిదారి లేదు. బ్రేకు వేసి నిలబడాలి. ముందు కారు నాలుగడుగులు కదిలితే వెంటనే పాకించకుండా, కాస్త ఖాళీ వచ్చాక ఒకేసారి కదలాలి.

సీవీటీలు మధ్యరకం. హోండా సిటీ, అమేజ్ లాంటి వాటిలో బెల్టు, పుల్లీలతో నడిచే గేర్‌బాక్స్ ఇది. వీటికీ ఆయిల్ వేడెక్కుతుంది, కూలర్ సాయపడగలదు. కానీ సీవీటీ ఆయిల్ ఒత్తిడి విషయంలో చాలా సున్నితం, అందుకే ఆ మోడల్ మీద పని చేసి ఉన్న మెకానిక్ దొరికితే తప్ప చెయ్యి పెట్టనివ్వకపోవడం మంచిది.

ఇక మిగిలింది అసలైన టార్క్ కన్వర్టర్. ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్, ఎక్స్‌యూవీ 700, క్రెటా డీజిల్, ఎర్టిగా ఆటోమేటిక్‌లు ఈ కోవలోవి. కూలర్ ప్రయోజనం కనిపించేది వీటిలోనే. అందులోనూ ఓ మెలిక ఉంది. కొన్ని కొత్త మోడళ్లలో గేర్‌బాక్స్ మీదే ఓ చిన్న పెట్టెలాంటి కూలర్ ఉంటుంది, దానికి వచ్చేవి ఇంజిన్ నీళ్ల పైపులు. బయటికి ఆయిల్ పైపులే ఉండవు. అలాంటి కారుకి సరైన అడాప్టర్ లేకుండా విడి కూలర్ తగిలించలేరు.

ముందు కొలవండి, తర్వాతే కొనండి

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలా కార్లలో ఏటీఎఫ్ వేడి కనిపిస్తుంది. మీరు మామూలుగా వెళ్లే ఘాట్‌కి మామూలు లోడుతో వెళ్లి చూడండి. పక్కన కూర్చున్నవారు రాసుకుంటే చాలు. 100 దగ్గరే ఆగిపోతే కూలర్ అవసరం లేదు, టైమ్‌కి ఆయిల్ మారిస్తే సరిపోతుంది. ఎక్కిన ప్రతిసారీ 115, 120 దాటుతుంటేనే ఆలోచించాలి.

వేడి సమస్య అంతా కూలర్‌తో తీరేదీ కాదు. 2004లో హోండా అమెరికాలో సుమారు 11 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అక్కడి మనవాళ్ల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే ఒడిస్సీ వ్యాన్ కూడా అందులో ఉంది. గేర్‌బాక్స్‌లో సెకండ్ గేర్ దగ్గర వేడి పేరుకుని పళ్లు విరిగే ప్రమాదం ఉందని తేలింది. కంపెనీ చేసిన రిపేరు సరిగ్గా ఆ గేరు మీద ఆయిల్ పడేలా ఓ జెట్ పెట్టడం. తప్పు లోపల ఉంటే బయట ఎంత పెద్ద కూలర్ పెట్టినా లాభం పరిమితమే.

బిగించేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

బంపర్ విప్పి, ఏసీ కండెన్సర్ ముందు కూలర్‌ని నిలబెడతారు. కండెన్సర్‌కి రాసుకోకుండా వేలు పట్టేంత సందు ఉండాలి. కూలర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ పుల్లల్ని కండెన్సర్ రెక్కల్లోంచి గుచ్చి కట్టేయడం సులువైన పద్ధతి, కానీ మన రోడ్ల కుదుపులకి కొన్నాళ్లకు రెక్కలు అరిగి ఏసీ గ్యాస్ లీకవ్వొచ్చు. బాడీకి ఇనుప పట్టీలతో బిగించమని అడగండి. పైపు మూతులు పైకో పక్కకో ఉండాలి, కిందికి ఉంటే లోపల గాలి ఇరుక్కుంటుంది. సైజు విషయంలో అత్యాశ వద్దు. మరీ పెద్దది పెడితే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ వెళ్లే గాలి తగ్గి, రామగుండం ఎండలో ఏసీయే మొరాయిస్తుంది.

తర్వాత పైపులు. గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కి ఒకటి వెళ్తుంది, చల్లబడి తిరిగొచ్చేది ఇంకొకటి. కూలర్‌ని కలపాల్సింది తిరిగొచ్చే పైపులో. రేడియేటర్ సగం వేడి తీశాక మిగతాది గాలి తీస్తుంది. ఏది ఏదో ఊహించకుండా ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. న్యూజెర్సీ, షికాగో లాంటి చలి ఊళ్లలో రేడియేటర్‌ని తప్పించి మొత్తం విడి కూలర్‌కే ఇస్తే చలికాలంలో ఆయిల్ వేడెక్కక గేర్లు బిగుసుకున్నట్టు పడతాయి.

అయినా అమెరికాలో కొందరు రేడియేటర్‌ని కావాలనే తప్పిస్తారు. 2005 నుంచి 2010 మధ్య వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బండ్లలో రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు ఏటీఎఫ్‌లో కలిసేవి. గులాబీ రంగు పాలలా మారిన ఆయిల్‌ని చూసి స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అని పేరు పెట్టారు. అలా కలిసిందంటే గేర్‌బాక్స్ దాదాపు పోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది హోస్ పైపు దగ్గర. కౌంటర్‌లో చేతికి దొరికిన నీళ్ల పైపో పెట్రోల్ పైపో వేసేస్తే వేడి ఏటీఎఫ్‌కి కొన్ని నెలల్లోనే మెత్తబడి ఉబ్బుతుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి అని పైపు మీద రాసి ఉన్నదే వాడాలి. ఇనుప పైపుని యాక్సా బ్లేడుతో కోస్తే రజను లోపలికి పోతుంది, పైపు కట్టర్ వాడమనండి. కోసిన చోట అంచు నున్నగా ఉంటుంది కాబట్టి హోస్ జారిపోయే అవకాశం ఎక్కువ. అంచు ఉబ్బెత్తు చేయాలి, లేదా సరైన జాయింటు వేయాలి. క్లిప్పు ఒక్కటీ బిగించి వదిలేస్తే కుదరదు.

ఎందుకింత పట్టింపు అంటే, హోస్ ఊడితే పంపు ఆయిల్ అంతా నిమిషాల్లో రోడ్డు మీద పోసేస్తుంది. అది ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పడితే మంటలు లేస్తాయి. ఘాట్ మధ్యలో, పిల్లలు వెనక సీట్లో ఉండగా. అందుకే హోస్‌లు ఎగ్జాస్ట్‌కి, ఫ్యాన్‌కి దూరంగా, పదునైన రేకు అంచులు తగలకుండా రబ్బరు తొడుగుల్లోంచి వెళ్లాలి.

ఆయిల్ లెవెల్, వారంటీ

కొత్త కూలర్, పైపులు కలిపి సైజుని బట్టి పావు నుంచి అర లీటరు దాకా ఆయిల్ అదనంగా పట్టొచ్చు. టయోటాకి డబ్ల్యూఎస్, హ్యుందాయ్‌కి ఎస్పీ-4 అంటూ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పోయాలి. చాలా కొత్త కార్లకి డిప్‌స్టిక్ ఉండదు. కారుని సమంగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు కింది ప్లగ్గు విప్పి చూడాలి. స్కానర్ లేని షెడ్డులో ఈ పని సరిగ్గా జరగదు. ఎక్కువైనా తిప్పలే, ఆయిల్ నురగ కడుతుంది.

వారంటీ ఉన్న కారుకైతే పైపు కోసే ముందు సర్వీస్ సెంటర్‌ని అడిగి సమాధానం మెయిల్‌లో తీసుకోండి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయడం కుదరదు. ఇక్కడ వారంటీ పుస్తకంలోని షరతులే మీ ముందు పెడతారు. నోటిమాటగా "ఏం కాదు సార్" అన్నది రేపు క్లెయిమ్ దగ్గర చెల్లదు.

కూలర్ ఉన్నా లేకున్నా, ఘాట్‌లో ఆ మెసేజ్ వస్తే వెంటనే ఇంజిన్ ఆపేయొద్దు. పక్కకు తీసి, పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజిన్ నడవనివ్వండి. లోపల పంపు తిరుగుతుంటేనే ఆయిల్ కూలర్‌కి వెళ్లి చల్లబడుతుంది. డీసీటీ కార్లకి కూడా కంపెనీలు చెప్పేది ఇలాగే ఆపమని. మెసేజ్ పోయాకే కదలాలి.

బిగించాక మొదటి వారం రోజూ ఉదయం కారు తీసే ముందు ముందు చక్రాల మధ్య నేల చూడండి. రాత్రి ఓ అట్టముక్క పరిచి ఉంచితే ఇంకా మంచిది. దాని మీద ఎర్ర చుక్క ఒక్కటి కనిపించినా ఆ రోజు బండి షెడ్డుకే.