ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లకు ధర కట్టడం ఎలా?

బళ్ళారి కౌల్‌బజారు, బ్రూస్‌పేట వంటి పాత పేటల్లో పెద్ద ఇళ్ళు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. పిల్లలు ఉద్యోగరీత్యా బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడతారు. ఊళ్ళో ఒంటరిగా మిగిలిన తల్లినో తండ్రినో తమ వద్దకు తీసుకొని వెళ్తారు. మూడు తరాలుగా పోగైన సామాన్లను నాలుగు రోజుల సెలవులో వదిలించుకోవలసి వస్తుంది. రెండు పడక గదుల ఫ్లాటులో గంగాళానికీ, ఉయ్యాల బల్లకూ చోటెక్కడిది? ఆ తొందరలో గుజరీ అంగడి వారికి కబురు పంపుతారు. సరిహద్దుకు అవతల పాత సామాన్ల కొట్టు అనేదే ఇక్కడి వాడుకలో గుజరీ అంగడి. వచ్చిన వ్యాపారి ఇల్లంతా ఒకసారి కలయజూసి, "ఒక్కొక్కటీ ఎందుకమ్మా, అన్నీ కలిపి ఒక మాట అనుకుందాం" అంటాడు. నష్టం మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

గుత్త బేరంలో వ్యాపారి మనసులో లెక్క వేసుకొనేది రాగి, ఇత్తడి, టేకు వంటి నాలుగైదు వస్తువులకే. మిగిలినవన్నీ ఆ లెక్కలో ఉచితంగా కలిసిపోతాయి. అందువల్ల అతడు మోసగాడని అనడం న్యాయం కాదు. బండి కూలి, విడదీసే శ్రమ, మళ్ళీ పెద్ద వ్యాపారికి అమ్మేటప్పటి తరుగు అతడు భరించవలసినవే. కాని వస్తువు విలువ ఒక్క పక్షానికే తెలిసిన చోట బేరం సమానంగా జరగదు.

బేరానికి ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఆ సామాను ఎవరిది? పెద్ద ఇత్తడి బిందెల మీద, కంచు పళ్ళాల అంచుల మీద చుక్కలతో చెక్కించిన పేర్లు చాలా ఇళ్ళలో కనబడతాయి. అవి తరచుగా ఆ ఇంటి కోడలికి పుట్టింటివారు సారెగా ఇచ్చిన వస్తువులు. స్త్రీధనం ఆమెకు మాత్రమే చెందిన ఆస్తి అని, భర్తగాని అత్తింటివారుగాని దానిని ఆమె తరఫున భద్రపరచేవారే తప్ప హక్కుదారులు కారని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఎనభై ఏళ్ళ అవ్వను వరండాలో కూర్చోబెట్టి, ఆమె బిందెలను వెనుక గుమ్మం గుండా తూకానికి పంపే కొడుకులు లేకపోలేదు. ఏది అమ్మాలి, ఏది ఉంచాలి అన్న మాట మొదట ఆమె నోట రావాలి. వచ్చిన సొమ్ము ఆమె చేతికే అందాలి.

ఇక ధర సంగతి. ప్రతి పాత వస్తువుకూ రెండు ధరలు ఉంటాయి. దానిని కరిగించినా విరగగొట్టినా వచ్చేది తూకపు ధర. దానిని ఆ రూపంలోనే వాడుకొనేవారు ఇచ్చేది వాడుక ధర. తూకపు ధర నేల వంటిది, అంతకు దిగి అమ్మనక్కరలేదు. వాడుక ధర సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాని, అటువంటి కొనుగోలుదారును వెతకడానికి వ్యవధి కావాలి. యజమాని మనసులో ఉండే మమకారపు ధర మూడవది. దానిని బజారు ఇవ్వదు. ఆ ధర పలికించాలని చూసినవారు చివరికి విసిగి గుత్త బేరానికే లొంగుతారు.

లోహపు పాత్రల విషయంలో తూకపు ధర తెలుసుకోవడం సులభం. అమ్మే రోజున రెండు మూడు అంగళ్ళలో కిలో ధర విచారిస్తే చాలు. రాగికి ఇత్తడికన్నా ఎక్కువ ధర పలుకుతుంది. ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. తగరం రాగికన్నా ఖరీదైన లోహం కనుక కంచును ఇత్తడి కుప్పలో కలిపి తూయనివ్వరాదు. పళ్ళాన్ని వేలిపై నిలిపి తడితే గంటవలె చాలాసేపు మ్రోగేది కంచు. ఇత్తడి మ్రోత త్వరగా అణగిపోతుంది. నల్లబడిన పాత్రల అడుగును చింతపండుతో తోమితే ఎర్రనిది రాగి, పసుపు పచ్చనిది ఇత్తడి అని తేలిపోతుంది.

తరుగు పేరిట పోయేదే ఎక్కువ. ఎనిమిది కిలోల గంగాళానికి ఇనుప కడియాలు ఆరు వందల గ్రాములు ఉన్నాయనుకొందాం. వ్యాపారి ఉజ్జాయింపుగా ఒక కిలో తీసివేసి ఏడు కిలోలకు లెక్క కడతాడు. నాలుగు వందల గ్రాముల ఇత్తడి ఉత్తపుణ్యానికి పోతుంది. కడియాలు ఊడదీయించి విడిగా తూయిస్తే ఈ పేచీ ఉండదు. త్రాసు సంగతి కూడా చూడాలి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద వ్యాపారపు త్రాసులకు తనిఖీ, ముద్ర తప్పనిసరి. ఎలక్ట్రానిక్ త్రాసుకు అది ప్రతి సంవత్సరం జరగాలి. ఇంటికి తెచ్చే కొక్కెపు త్రాసును పరీక్షించడానికి ఒక బకెట్టు చాలు. ఖాళీ బకెట్టును తూచి, అందులో లీటరు కొలతతో పది లీటర్ల నీరు పోసి మళ్ళీ తూయించాలి. రెండు తూకాల మధ్య తేడా పది కిలోలు రావాలి. తొమ్మిదే చూపితే ఆ త్రాసు ప్రతి పది కిలోలకూ ఒక కిలో మింగుతున్నదని అర్థం.

పెద్ద గుండిగలు, గంగాళాలు కరిగించడానికే పోనక్కరలేదు. పెళ్ళి వంటల కాంట్రాక్టర్లు, సామాన్లు అద్దెకిచ్చేవారు వాటిని వాడుకకు కొంటారు. కొత్త పాత్రల అంగడిలో మార్పిడికి ఇచ్చినా కొన్ని సందర్భాల్లో గుజరీ అంగడికన్నా మెరుగైన ధర వస్తుంది.

కలపకు తూకం కాదు, ఘనపుటడుగు ప్రమాణం. వెడల్పును, మందాన్ని అంగుళాల్లోను, పొడవును అడుగుల్లోను కొలిచి, మూడింటినీ హెచ్చవేసి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 24 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం, 6 అడుగుల పొడవు ఉన్న ఉయ్యాల బల్ల సరిగ్గా 2 ఘనపుటడుగులు. అడితిలో టేకు ఘనపుటడుగు ధర విచారిస్తే ఆ బల్ల కనీసపు విలువపై ఒక అంచనా వస్తుంది. పాత కలపకు మేకుల రంధ్రాలు, పగుళ్ళు చూసి కొంత తగ్గించడం సహజమే. అయితే దశాబ్దాల పాటు ఆరిన టేకు కొత్తగా వంగదు, బిగువు సడలదు. ఆ మాట బేరంలో చెప్పదగినదే. ఉయ్యాల గొలుసులు ఇత్తడివైతే వాటిని బల్లతోపాటు కలిపి ఇచ్చివేయరాదు. గొలుసుల విలువ బల్ల విలువను మించిన ఇళ్ళూ ఉన్నాయి.

ఇనుప బీరువాను ఇనుముగా అమ్మడం తెలివితక్కువ. రేకు గేజి సంఖ్య తగ్గే కొద్దీ మందం పెరుగుతుంది. పాత బీరువాల రేకు మందంగా ఉండి, తాళాలు రెండూ ఉంటే అద్దె ఇళ్ళవారు సంతోషంగా కొంటారు. ఇచ్చే ముందు రహస్యపు అరతో సహా అన్నీ తెరిచి చూడాలి. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ల వంటివి నెలనెలకూ ధర కోల్పోతాయి కనుక వాటిని మొదట అమ్మి, తూకపు ధర గల లోహాలను చివరికి ఉంచుకోవడం మంచిది. పాత డబ్బా టీవీకి లోపలి రాగి తీగ తప్ప విలువ లేదు. గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు మాత్రం అమ్మకూడని వస్తువులు. అవి చమురు కంపెనీకి చెందినవి. ఏజెన్సీలో అప్పగిస్తే వోచరులో రాసిన డిపాజిట్టు తిరిగి ఇస్తారు.

పట్టుచీరలు కొంటామంటూ వీధిలోకి వచ్చేవారు కోరేది చీరను కాదు, జరీలోని వెండిని. అసలు జరీ పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. గోటితో గీకితే లోపల ఎర్రని పట్టుదారం కనిపించడం దానికి ఒక గుర్తు. అమ్మమ్మల నాటి ధర్మవరం, కంచి చీరలను స్టీలు గిన్నెకు మార్చే ముందు ఒకసారి వెండి పనివారికి చూపించడం అవసరం.

కాగితాల మూటను విప్పకుండా తూకానికి వేయరాదు. దస్తావేజులు, పాత పట్టాలు అందులోనే దొరుకుతాయి. తాళపత్రాలు గాని, లోహ విగ్రహాలు గాని బయటపడితే జాగ్రత్త పడాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం సాహిత్య, చారిత్రక విలువ గల వ్రాతప్రతులు 75 ఏళ్ళు, ఇతర వస్తువులు 100 ఏళ్ళు నిండితే పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. తెలుగు పుస్తకాల సంగతి వేరు. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలను సేకరించేవారు నేటికీ ఉన్నారు. తెలుగు చదివే పిల్లలు తగ్గుతున్న ఈ ప్రాంతంలో అట్టలు ఊడిన భాగవతాలు, పెద్దబాలశిక్షలు చిత్తు కాగితాల ధరకు పోతున్నాయి. కిలోకు వచ్చే పదో పరకో వదులుకొని తెలుగు పాఠశాలకో గ్రంథాలయానికో ఇస్తే ఆ పుస్తకం తెరిచేవారు ఒకరైనా ఉంటారు.

ఫోనులో ప్రకటన చూసి బేరమైనా ఆడకుండా అడిగిన ధరకు ఒప్పుకొనే కొనుగోలుదారును అనుమానించాలి. డబ్బు పంపుతున్నామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కమంటారు. పిన్ నొక్కవలసినది డబ్బు పంపేవారే. పుచ్చుకొనేవారికి దానితో పని లేదు.

సామాను బండికెక్కే రోజున ప్రతి వస్తువు పేరు, తూకం, వచ్చిన మొత్తం ఒక కాగితం మీద రాసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరికీ చూపించడం మేలు. ఆ కాగితం లేకపోవడం వల్లనే ఒక గంగాళం గురించి పదేళ్ళు మాటలు లేని కుటుంబాలు ఉన్నాయి.