ఇరుసు తిన్నగా ఉందా?

ఎద్దుబండి చూసి పెరిగినవాళ్ళకి ఇరుసంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. రెండు చక్రాలనీ కలిపే ఒకే ఒక్క కడ్డీ. అది బండికి సరిగ్గా అడ్డంగా ఉన్నంతకాలం ఎవరికీ గుర్తుకు రాదు. కాస్త ఏటవాలుగా బిగిసిందంటే మాత్రం బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. బిగించినవాడు ఊళ్ళో హాయిగానే ఉంటాడు, అవస్థ పడేది ఎద్దు!

కువైట్‌లో మనవాళ్ళు చాలామంది నడిపే పెద్ద బళ్ళలోనూ వెనక భాగంలో ఉన్నది ఇలాంటి ఇరుసే. 1997లో వచ్చిన నిస్సాన్ పట్రోల్, టొయోటా లాండ్ క్రూజర్‌లో 80 సిరీస్ నుంచి 2021లో వచ్చిన 300 సిరీస్ దాకా, అన్నిటికీ వెనక గట్టి ఇరుసే. అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పొట్టకూటి కోసం సాఫ్ట్‌వేర్‌లో పడిన నాబోటివాడికి శుక్రవారం పూట షువేఖ్ పారిశ్రామికవాడలో తిరగడం ఒక వ్యసనం. అక్కడి షెడ్లలో నేను నేర్చుకున్నదాంట్లో ఒక ముక్క మీతో పంచుకుంటాను. బండిని నడిపేవాడికి ఈ ముక్క తెలిసి ఉండటం ఎంత అవసరమో మధ్యలో మీకే అర్థమవుతుంది.

మన పాత అంబాసిడర్‌లో వెనక ఇరుసుని కమాన్ పట్టీలు మోసేవి. బరువు మోయడం, ఇరుసు అటూ ఇటూ కదలకుండా పట్టుకోవడం, రెండు పనులూ ఆ పట్టీలవే. చుట్ట స్ప్రింగు అలా కాదు. అది బరువు మోస్తుంది, అంతే. ఇరుసు ఎక్కడ ఉండాలో చెప్పడానికి వేరే కడ్డీలు కావాలి. పట్రోల్ వెనక భాగంలో అవి ఐదు. కింద రెండు పొడుగు ఆర్ములు, పైన రెండు ఆర్ములు కలిసి ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా, మెలిక తిరగకుండా పట్టుకుంటాయి. ఐదోది అడ్డంగా ఉండే పాన్హార్డ్ రాడ్డు. పాన్హార్డ్ అనే పాతకాలపు ఫ్రెంచి కార్ల కంపెనీ పేరే దీనికి నిలిచింది. దీని ఒక కొస ఛాసీకి, రెండో కొస ఇరుసుకి బిగించి ఉంటుంది. ఇరుసు పక్కలకి జారకుండా ఆపడమే దీని ఉద్యోగం. మనదేశంలో 2005లో వచ్చిన ఇన్నోవా కింద తొంగిచూసినా ఇలాంటి అడ్డకడ్డీ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఇక్కడ ఎడారి గుడారాల కాలం. ఇసుకలో తిరగడానికి బండి ఎత్తు పెంచుతారు, పెద్ద టైర్లు వేస్తారు. మూడంగుళాలు, అంటే సుమారు 75 మిల్లీమీటర్లు, ఎత్తైన స్ప్రింగులు పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. కానీ ఐదు కడ్డీల పొడుగు మారలేదు కదా! బండి పైకి లేచిందంటే ఇరుసు దానికి కిందికి వేలాడిందన్నమాట. పాన్హార్డ్ రాడ్డు మరింత ఏటవాలుగా దిగుతుంది, ఇరుసు కొసని తనతోపాటు ఛాసీకి బిగించిన వైపుకి లాగేస్తుంది.

ఎంత లాగుతుందో చెప్పడానికి హైస్కూలులో చదివిన పైథాగరస్ చాలు. రాడ్డు పొడుగు ఒక మీటరు అనుకుందాం. కంపెనీ ఎత్తులో ఛాసీ కొసకంటే ఇరుసు కొస 60 మిల్లీమీటర్లు కింద ఉందనుకుందాం. అప్పుడు రాడ్డు అడ్డంగా ఆక్రమించే దూరం 998.2 మిల్లీమీటర్లు. బండిని 75 పైకి లేపితే ఆ తేడా 135 అవుతుంది, అడ్డం దూరం 990.8కి తగ్గుతుంది. అంటే ఇరుసు ఏడు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. ఒక చక్రం ఏడు బయటికి, రెండోది ఏడు లోపలికి. రెండు వైపులా కొలిచి చూస్తే తేడా 14. అదే రాడ్డు మొదట్లో పడుకున్నట్టు సమంగా ఉంటే, ఇంతే ఎత్తుకి జరిగేది మూడు మిల్లీమీటర్లు కూడా కాదు. వాలు రెండింతలైతే జరగడం దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే కొద్దిగా లేపిన బండి బాగానే ఉంటుంది, ఇంకాస్త లేపితే మొరాయిస్తుంది.

ఆ ఏడు మిల్లీమీటర్ల ఖరీదు రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడికి బాగా తెలుసు. ఒక ఇంట్లో డ్రైవరు. యజమాని కొడుకు ముచ్చటపడి బండి ఎత్తు పెంచాడు. గుడారం సామాను వేసుకుని ఎడారికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ వెనక ఒకవైపు టైరు భుజం మీద గీతలు పడేవి. ఎక్కడో ఫుట్‌పాత్‌కి రాసుకుని ఉంటావని తేల్చేశారు, టైరు డబ్బులు జీతంలో కోస్తామన్నారు. "నేను యాడా తగిలిచ్చలేదన్నా, ఒట్టు" అన్నాడు నాతో. రెండు వైపులా కొలిచాం. సరిగ్గా 14 తేడా. సామాను బరువుకి బండి కుంగినప్పుడు బయటికి జరిగిన ఆ టైరు మడ్‌గార్డు అంచుకి తగులుతోంది. టేపు పట్టుకుని యజమానికే చూపించాం. పొడుగు మార్చుకునే పాన్హార్డ్ రాడ్డు వేయించారు, జీతం కోత తప్పింది. డబ్బు మాట అలా ఉంచండి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. అలాంటి ఎండలో, గంటకి 120 కిలోమీటర్ల వేగంలో, గాయపడ్డ టైరు పేలితే స్టీరింగు ముందు కూర్చున్నది ఆ తమ్ముడే.

కొలవడం ఎలా? మేస్త్రీలు గోడకి వేలాడదీసే గుండు, దారం, టేపు చాలు. సమమైన నేల మీద బండి నిలపాలి. రెండు వైపులా టైర్లలో గాలి సమంగా ఉండాలి. కాస్త ముందుకీ వెనక్కీ నడిపి, పైనుంచి ఊపి వదిలితే బండి తన సహజమైన ఎత్తులో సర్దుకుంటుంది. మడ్‌గార్డు అంచు నుంచి చక్రం మధ్యకి వచ్చేలా గుండు వేలాడదీసి, దారానికీ చక్రం రిమ్ముకీ మధ్య దూరం రెండు వైపులా కొలవాలి. పాత బండి మడ్‌గార్డుకి ఎప్పుడో దెబ్బ తగిలి ఉండొచ్చు కాబట్టి ఛాసీ నుంచి కూడా కొలిచి సరిచూసుకోవడం మంచిది. తేడా 14 వస్తే ఇరుసుని జరపాల్సింది అందులో సగం, అంటే ఏడే. ఒకవైపు తగ్గినంత రెండోవైపు పెరుగుతుంది కదా. షెడ్లలో తరచు మరిచిపోయే లెక్క ఇదే.

సర్దే క్రమం కూడా ముఖ్యం. మొదట పాన్హార్డ్ రాడ్డు పొడుగు పెంచి ఇరుసుని మధ్యకి తేవాలి. కొన్ని రాడ్లకి ఒక కొస కుడి మర, రెండో కొస ఎడమ మర ఉంటాయి. రాడ్డు విప్పకుండానే మధ్య గొట్టాన్ని తిప్పితే పొడుగు మారుతుంది. మరకి మరకి మధ్య దూరం 2 మిల్లీమీటర్లయితే ఒక చుట్టుకి నాలుగు మిల్లీమీటర్లు.

తర్వాత కింది ఆర్ములు. బండి లేచినప్పుడు ఇవి కిందికి దిగుతూ ఇరుసుని కొద్దిగా ముందుకి లాగుతాయి కాబట్టి వీటినీ పెంచాలి, కానీ రెంటినీ సమానంగా. బిగించకముందే పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రం నుంచి బోల్టు రంధ్రానికి కొలవాలి. రెంటికీ మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకోండి, ఆర్ముల మధ్య దూరం మీటరైతే ఇరుసు 0.17 డిగ్రీలు తిరుగుతుంది. అదెంతలే అనిపిస్తుంది. కానీ బండి పీతలా కాస్త పక్కవాటంగా నడుస్తుంది, తిన్నటి రోడ్డు మీద స్టీరింగు చక్రం మూడు డిగ్రీలు వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది. అలైన్‌మెంట్ కేంద్రంలో ముందు చక్రాలు సర్ది స్టీరింగుని తిన్నగా చేసి పంపిస్తారు. స్టీరింగు తిన్నబడుతుంది, బండి పీతనడక మాత్రం అలాగే ఉంటుంది. నాలుగు చక్రాలనీ కొలిచే యంత్రమైతే వెనక ఇరుసు ఎటు చూస్తోందో కూడా చెబుతుంది. ఆ కాగితం అడిగి తీసుకోండి.

చివరగా పై ఆర్ములు. ఇరుసు మధ్యలో ఉండే ముక్కు ఎంత పైకి చూడాలో ఇవి నిర్ణయిస్తాయి. గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టుకి రెండు కొసలా ఉండే క్రాసుల కోణాలు సమానంగా ఉంటేనే ఒకటి పెట్టే ఎగుడుదిగుడుని రెండోది చెరిపేస్తుంది. పది డిగ్రీల కోణంలో ఒక్క క్రాసు, ప్రతి చుట్టులో రెండుసార్లు, వేగాన్ని సుమారు ఒకటిన్నర శాతం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కోణాలు కలవకపోతే అదంతా సీటు కింద వణుకుగా తెలుస్తుంది.

అన్నీ సర్దాక బోల్టులు ఎప్పుడు బిగించాలన్నది పెద్ద విషయం. జాకీ మీద ఇరుసు వేలాడుతుండగా కాదు, చక్రాల మీద బరువు పడ్డాకే. లేకపోతే రబ్బరు బుష్షులు మెలితిరిగిన స్థితిలోనే బిగుసుకుని, బండి దించగానే ఎప్పుడూ లాగుడులోనే ఉంటాయి. ఈ ఎండలకి త్వరగా చిరుగుతాయి. లాక్ నట్లు బిగించి, వాటి మీద రంగుతో గీత గీస్తే వదులైనప్పుడు కంటికి తెలుస్తుంది. రాడ్డు కొసలో మర చాలినంత లోపల లేకపోతే ఆ రాడ్డు వాడకూడదు, దానికంటే పొడుగైనది కొనాలి. ఎత్తు పెంచేముందు ట్రాఫిక్ శాఖ అనుమతి సంగతి యజమానిని కనుక్కోమనండి. తనిఖీలో బండి తప్పితే తిరగాల్సింది కూడా డ్రైవరే.

ఇంత చేసినా పాన్హార్డ్ రాడ్డు తిరిగేది వృత్తంలోనే. ఇరుసు కచ్చితంగా మధ్యలో ఉండేది ఒకే ఒక ఎత్తులో. ఆ ఎత్తు ఖాళీ బండిదా, సామానుతో కుంగిన బండిదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఈ చిక్కు తప్పించే పద్ధతి ఒకటుంది. ఆవిరి యంత్రం కోసం జేమ్స్ వాట్ 1784లో పేటెంటు తీసుకున్న కడ్డీల అమరిక అది, ఇరుసుని దాదాపు నిట్టనిలువుగా కదలనిస్తుంది. 2022లో వచ్చిన మహీంద్రా స్కార్పియో-ఎన్ వెనక ఇరుసుకి ఉన్నది అదే.

మన చేతికిచ్చిన బండి వాట్ పద్ధతిదై ఉండకపోవచ్చు, ఎత్తు పెంచే నిర్ణయం మనది కాకపోవచ్చు. కానీ టేపు మనది కావచ్చు. కొత్త స్ప్రింగులు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి, రెండు వైపులా కొలిచి తేదీతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పది నిమిషాల పని. రేపు టైరు మీద గీత పడితే, మాటకి మాట చెప్పే బదులు ఆ కాగితం తీసి చూపించవచ్చు.