వేరుశనగ గింజలో మాంసకృత్తులు ఎలా చేరతాయి?

అనంతపురం చేలల్లో వేరుశనగ పూలు వాడిపోయాక ఊడలు నేలలోకి దిగుతాయి. కాయ మట్టిలోనే ఊరుతుంది. లేతకాయ వలిచి చూడండి: గింజ నీళ్లనీళ్లగా, తియ్యగా ఉంటుంది. మరి మాంసకృత్తులు ఎక్కడివి?

వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. దాంతో తయారైన అమైనో ఆమ్లాలు గింజకు చేరతాయి. అక్కడి కణాల్లో రైబోజోములు వాటిని, జన్యువులు చెప్పిన వరుసలోనే, పూసల్లా గుచ్చుతాయి. ఎంత ఓపికైన పని! ఆ దండలు మడతపడి, కణంలోని చిన్న సంచుల్లో దట్టంగా పేరుకుంటాయి. ఈ దండలే మాంసకృత్తులు; వాటిలో ముఖ్యమైనవి అరాకిన్, కోనరాకిన్. ఎండిన గింజ బరువులో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే.

ఎందుకింత పొదుపు? మొలక సొంతంగా బతికేవరకు అదే దాని చద్దిమూట. గింజ మొలకెత్తగానే ఆ నిల్వ మళ్లీ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది.