జీపు ఇంజను: బాగుచేయుటయా, మార్చుటయా?

కొండదారులలోను, ఇసుక వాగులలోను, బురద నేలలలోను నడుచుటకై పుట్టిన బండి జీపు. 1941లో అమెరికా సైన్యము కొరకు పెద్ద యెత్తున తయారగుటకు మొదలిడిన ఈ బండి, యుద్ధము ముగిసిన పిమ్మట పొలములకు, అడవులకు, గనులకు చేరినది. భారతదేశములో మహీంద్రా సంస్థ 1940ల చివరి భాగమునుండి దీని విడిభాగములను తెప్పించి కూర్చి, క్రమముగా ఇచ్చటనే తయారుచేసినది. అట్టి పాత బండ్లు నేటికిని నడుచుచున్నవి. వాటి యజమానులకు ఒకనాడు కాకున్న ఒకనాడు ఎదురగు ప్రశ్న ఇది: ఉన్న ఇంజనునే బాగుచేసి మెరుగుపరచవలెనా, లేక దానిని దించి వేరొక ఇంజనును ఎక్కించవలెనా?

ఇది డబ్బునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. తప్పుగా తేల్చినచో ఇరుసులు విరుగును. బ్రేకులు చాలక ప్రాణాపాయము కలుగును. సరిగా తేల్చుటకు హైస్కూలు తరగతులలో నేర్చు భౌతికశాస్త్రము చాలును.

శక్తి వేరు, త్రిప్పు బలము వేరు

గానుగ తిరుగుటను చూచినవారికి ఒక సంగతి తెలియును. ఎద్దు ఎంత బలముతో కాడిని లాగుచున్నది, ఆ కాడి గానుగ నడుమకు ఎంత దూరమున ఉన్నది - ఈ రెంటి లబ్ధము త్రిప్పు బలము. దీనినే ఇంజనీర్లు టార్కు అందురు. అంతే బలముతో ఎద్దు త్వరత్వరగా తిరిగినచో, నిర్ణీత కాలములో జరుగు పని పెరుగును. ఆ పని రేటు పేరు సామర్థ్యము, వాడుకలో అశ్వశక్తి. అనగా త్రిప్పు బలమును భ్రమణ వేగముతో గుణించినచో సామర్థ్యము వచ్చును.

యుద్ధకాలపు విల్లీస్ జీపు ఇంజనును ఉదాహరణముగా తీసికొనవచ్చును. దానికి నాలుగు సిలిండర్లు; మొత్తము ఘనపరిమాణము సుమారు 2,200 ఘన సెంటీమీటర్లు. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు అది సుమారు 142 న్యూటన్-మీటర్ల టార్కును ఇచ్చును. 2,000 చుట్లనగా సెకండునకు 209 రేడియనులు. 142ను 209తో గుణించినచో సుమారు 29,700 వాట్లు, అనగా 40 అశ్వశక్తి. 4,000 చుట్ల వద్ద అదే ఇంజను 60 అశ్వశక్తి ఇచ్చును. వేగము రెట్టింపయినను సామర్థ్యము రెట్టింపు కాలేదు. లెక్క వేసినచో అచ్చట టార్కు 107 న్యూటన్-మీటర్లకు పడిపోయినట్లు తేలును.

ఎందులకు పడిపోయినది? ఇంజను పెట్రోలును మాత్రమే గాక గాలిని కూడ తినును. వేగము పెరిగిన కొలది గాలి లోపలికి వచ్చుటకు దొరకు వ్యవధి తగ్గును. ఇరుకైన వంకర దారిలో రావలసిన గాలి సిలిండరును పూర్తిగా నింపలేదు. ఘర్షణ నష్టము కూడ పెరుగును. పాత ఇంజనుకు ఉన్న ప్రధానమైన జబ్బు ఊపిరి ఆడకపోవుట.

బాగుచేయుటకు ఒక ఉదాహరణము

ఈ ఇంజనే బాగుచేయుటకు చక్కని నిదర్శనము. విల్లీస్ కంపెనీలో డెల్మార్ రూస్ అను ఇంజనీరు 1930ల చివరలో ప్రధానాధికారియై వచ్చునాటికి దాని పూర్వరూపము సుమారు 48 అశ్వశక్తి మాత్రమే ఇచ్చుచుండెను. అతడు కొత్త ఇంజనును కల్పింపలేదు. భాగముల మధ్య సందులను ఖచ్చితము చేసెను. గట్టి మిశ్రలోహములను, తేలికయైన అల్యూమినియము పిస్టనులను వాడెను. గతిచక్రము బరువును తగ్గించెను. ఇట్టి అనేక చిన్న మార్పులవలన అదే ఇంజను 60 అశ్వశక్తికి చేరినది.

1950లో రెండవ మెరుగు వచ్చినది. అంతవరకు గాలి వచ్చు కవాటమును, పొగ పోవు కవాటమును సిలిండరు ప్రక్కనే ఉండెడివి. లోనికి వచ్చు మిశ్రమము పైకి లేచి, ప్రక్కకు మళ్ళి, మరల క్రిందికి దిగవలెను. కొత్త ఏర్పాటులో లోనికి తెచ్చు కవాటమును సిలిండరు తలమీదికి మార్చి, దానిని పెద్దది చేసిరి. పొగ కవాటము పాత స్థానమునందే నిలిచినది. సిలిండరు వ్యాసముగాని, పిస్టను నడకగాని మారలేదు. ఈ ఇంజనుకు హరికేన్ అని పేరు.

దాని ఫలితము గమనింపదగినది. 2,000 చుట్ల వద్ద టార్కు 142 నుండి 155కు పెరిగెను. అనగా నూటికి సుమారు 9 వంతులు. 4,000 చుట్ల వద్ద సామర్థ్యము 60 నుండి 72 అశ్వశక్తికి పెరిగెను; అనగా నూటికి 20 వంతులు. ఊపిరి దారిని వెడల్పు చేసినచో ఎక్కువ లాభము ఎక్కువ వేగముననే కనబడును. రాళ్ళలో మెల్లగా ప్రాకు బండికి దక్కు లాభము తక్కువ.

ఇంకొక సంగతి కలదు. తల ఎత్తు పెరుగుటచే ఆ ఇంజను పాత బానెట్టు క్రింద ఇమడలేదు. 1953లో వచ్చిన సి.జె.-3బి జీపునకు బానెట్టును ఎత్తు చేయవలసి వచ్చినది. భారతదేశపు రోడ్లమీద చిరకాలము కనబడిన ఎత్తు ముక్కు జీపు ఇదియే. ఒక్క కవాటమును కదల్చినందులకు బండి ముఖమే మారినది!

బాగుచేయుటకు హద్దులు

పాత ఇంజను నుండి ఎంత పిండవచ్చును? మూడు మార్గములను పరిశీలింపవచ్చును.

మొదటిది సిలిండరును పెద్దది చేయుట. అరిగిన సిలిండరును బోరింగు చేసి, కొంచెము లావు పిస్టనులను వేయుట సామాన్యము. 79.4 మిల్లీమీటర్ల వ్యాసమును ఒక మిల్లీమీటరు పెంచినచో వైశాల్యము నూటికి 2½ వంతులు మాత్రమే పెరుగును. ఇది అరుగుదలను సరిచేయునే గాని బలమును పెంచునది కాదు.

రెండవది సంపీడన నిష్పత్తిని హెచ్చించుట. దీనిని 6.5 నుండి 7.4కు తెచ్చినచో, ఆదర్శ చక్రము లెక్క ప్రకారము దక్షత నూటికి 4 లేక 5 వంతులు మెరుగగును. మితిమీరినచో పెట్రోలు మిశ్రమము అకాలమున ప్రేలి ఇంజను టకటక కొట్టుకొనును, పిస్టనులు దెబ్బతినును.

మూడవది వేగము పెంచుట. ఈ ఇంజనులో పిస్టను ఒక్కొక్క నడకకు 111 మిల్లీమీటర్లు పోవును. 4,000 చుట్ల వద్ద దాని సగటు వేగము సెకండునకు దాదాపు 15 మీటర్లు. కడ్డీలమీద పడు జడత్వ బలము వేగముయొక్క వర్గముతో పెరుగును. 4,000 నుండి 5,000 చుట్లకు పోయినచో వేగము నాలుగవ వంతు మాత్రమే పెరిగినను, ఆ బలము 1.56 రెట్లగును. పాతబడిన క్రాంకుషాఫ్టునకు ఇది పెద్ద పరీక్ష.

కాబట్టి బాగుచేయుటవలన నూటికి 10, 20 వంతుల మేలు ఆశింపవచ్చును గాని, రెట్టింపు బలము ఆశింపరాదు.

నిజముగా బలము చాలదా?

ఇంజనును మార్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఇది. యుద్ధకాలపు జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.665, సహాయక గేరుపెట్టెలో తక్కువ వేగపు నిష్పత్తి 1.97, ఇరుసు నిష్పత్తి 4.88. మూడింటి లబ్ధము సుమారు 25.6. అనగా ఇంజను ఇచ్చు 142 న్యూటన్-మీటర్లు చక్రముల వద్ద సుమారు 3,640 అగును. చక్రపు వ్యాసార్ధము 0.35 మీటర్లు. భాగించినచో నేలను నెట్టు బలము సుమారు 10,400 న్యూటన్లు. ఘర్షణ నష్టములు తీసివేసినను దాదాపు 9,000 మిగులును.

ఆ జీపు బరువు సుమారు 1,100 కిలోగ్రాములు. అనగా 10,800 న్యూటన్లు. గులకరాతి నేలమీద టైరు పట్టు బరువులో 0.6 వంతు అనుకొన్నచో, 6,500 న్యూటన్లకు మించి నెట్టబోయిన చక్రము జారును. బురదలో ఇంకను ముందే జారును. కనుక అడుగు గేరులో ఆ చిన్న ఇంజనుకు కావలసినదానికంటె ఎక్కువ బలమే కలదు! బండి బురదలో కూరుకొనుటకు కారణము తరచుగా టైరు పట్టు చాలకపోవుటయే గాని ఇంజను బలము చాలకపోవుట కాదు. అట్టి బండికి మంచి టైర్లు చేయు మేలును పెద్ద ఇంజను చేయలేదు. నిండు బరువుతో పొడవైన ఎక్కుడులను త్వరగా ఎక్కవలెనన్నచో మాత్రము ఇంజను సామర్థ్యము చాలకపోవుట నిజము.

మార్చుటకు రెండు ఉదాహరణములు

1965లో అమెరికాలో సి.జె.-5 జీపునకు బ్యూక్ సంస్థ రూపకల్పన చేసిన ఆరు సిలిండర్ల వి-ఆకారపు ఇంజనును అమర్చుట మొదలుపెట్టిరి. దాని సామర్థ్యము 160 అశ్వశక్తి. టార్కు సుమారు 319 న్యూటన్-మీటర్లు. హరికేన్‌తో పోల్చినచో రెండూ రెండేసి రెట్లకు పైమాటే. సిలిండర్లు రెండు వరుసలుగా వాలి ఉండుటచే పొడవు తక్కువై, అది పొట్టి జీపులో ఇమిడినది. 1972లో వరుసగా ఆరు సిలిండర్లున్న పొడవైన ఇంజనును వేయదలచినప్పుడు అట్లు కుదురలేదు. ముందు భాగమును సాగదీసి, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరమును సుమారు 3 అంగుళములు పెంచవలసి వచ్చినది.

రెండవ ఉదాహరణము భారతదేశములోనిది. పెట్రోలు ధర పెరిగిన 1970లలో మహీంద్రా జీపులకు ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు వంశమునకు చెందిన డీజిలు ఇంజను వచ్చినది. 1980లలో ఫ్రాన్సు దేశపు పెజో డీజిలు ఇంజను వచ్చినది. ఇచ్చట కోరినది అశ్వశక్తి కాదు, ఇంధనపు పొదుపు.

డీజిలు ఇంజను మెల్లగా తిరుగును. ఇందువలన కలుగు చిక్కును లెక్కవేయవచ్చును. ఇరుసు నిష్పత్తి 5.38, చక్రపు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకొనుడు. పై గేరులో పెట్రోలు ఇంజను 4,000 చుట్లు తిరిగినచో బండి గంటకు 98 కిలోమీటర్లు పోవును. 2,000 చుట్లకు మించని ఇంజనును అక్కడ పెట్టినచో 49 కిలోమీటర్లకే వేగము ఆగిపోవును. ఇరుసు నిష్పత్తిని 3.73కు తగ్గించినచో 70 కిలోమీటర్లు దాటవచ్చును. కాని చక్రము వద్ద టార్కు మూడవ వంతు దాకా తగ్గును. ఆ లోటును కొత్త ఇంజను తన అధిక టార్కుతో పూడ్చవలెను. ఒకచోట లాభము పొందినచో మరియొకచోట చెల్లింపక తప్పదు.

ఇంజను వెనుక నున్న గొలుసు

ఇంజను ఒంటరి యంత్రము కాదు. గొలుసులో ఒక లంకె. టార్కు రెట్టింపయినచో క్లచ్చి జారవచ్చును. గేరు పండ్లు, ఇరుసు కడ్డీలు విరుగవచ్చును. ఇంధనపు వేడిలో సుమారు మూడవ వంతు నీటి ద్వారా బయటికి పోవలెను. సామర్థ్యము రెట్టింపయినచో పాత రేడియేటరు చాలదు. బరువైన ఇంజను ముందు స్ప్రింగులను అణచివేయును. స్టీరింగును బరువు చేయును.

అన్నిటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. గతిజ శక్తి వేగముయొక్క వర్గముతో పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి 100 కిలోమీటర్లకు చేరినచో, బ్రేకులు మ్రింగవలసిన శక్తి 1.56 రెట్లగును. 60 అశ్వశక్తి బండికై చేసిన చిన్న డ్రమ్ము బ్రేకులు ఆ వేడికి పట్టు సడలును. పరుగు పెంచదలచినవాడు ముందుగా ఆపుటను పెంచవలెను.

తేల్చుకొను క్రమము

మొదట జబ్బును కనుగొనవలెను. ప్రతి సిలిండరులోను సంపీడన పీడనమును గేజితో కొలువవలెను. ఒకదానిలో తక్కువగా ఉన్నచో, అందులో కొంచెము ఇంజను నూనె పోసి మరల కొలువవలెను. పీడనము పెరిగినచో రింగులు అరిగినవని అర్థము. పెరుగనిచో కవాటములనుగాని, తలక్రింది గాస్కెట్టునుగాని అనుమానింపవలెను. కార్బురేటరు, జ్వలన కాలము, గాలి వడపోత - వీనిని సరిచేసినంతనే పోయిందనుకొన్న బలము తరచుగా తిరిగివచ్చును. ఇథనాలు కలిసిన నేటి పెట్రోలునకు పాత రబ్బరు గొట్టములు తట్టుకొనకపోవచ్చును గనుక వాటిని మార్చుట మంచిది.

ఇంజను దిమ్మ పగులక, విడిభాగములు దొరకుచు, కావలసిన మెరుగు ఐదవ వంతునకు మించనిచో బాగుచేయుటయే మేలు. దిమ్మ పగిలినను, ఇంధనమునే మార్చదలచినను, రెట్టింపు సామర్థ్యము నిజముగా అవసరమైనను ఇంజను మార్పిడికి అర్థము కలదు. అప్పుడు ఖర్చు లెక్కలో గేర్లను, ఇరుసులను, రేడియేటరును, బ్రేకులను కూడ చేర్చవలెను.

చట్టమును మరువరాదు. ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పత్రములో నమోదై ఉండును; మార్పును అధికారులకు తెలిపి నమోదు చేయింపవలెను. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి మూలరూపముతో నిలిచిన వాహనమునకే వింటేజి గుర్తింపు దక్కును. పుట్టినప్పటి ఇంజనుతో ఉన్న జీపు యజమాని ఈ సంగతిని కూడ తూచి చూడవలెను.

పాత ఇంజను బలహీనమని నిందించుటకు ముందు దానికి ఊపిరి ఆడుచున్నదా, గేరు సరియైనదా, టైరు నేలను పట్టుచున్నదా అని చూచుట శాస్త్రీయ పద్ధతి. కొలిచి చూచినవానికి సగము జవాబు గేజిమీదనే దొరకును. మిగిలిన సగము కాగితముమీది గుణకారములో దొరకును.