మీకు తెలుసా? కాలు మోపనివ్వని దీవి!

అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కి.మీ. దూరంలో ఉంది బారెన్ దీవి. ఊరు లేదు, జెట్టీ లేదు. ప్రత్యేక అనుమతి లేని పర్యాటకులు పడవలోంచే చూసి వెనక్కి తిరగాలి. కారణం, దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం ఇదే! 1787లో అది బద్దలైనట్టు తొలిసారి రికార్డయింది. 19వ శతాబ్దంలో చల్లబడి, 1991లో మళ్లీ లావా కక్కింది. పడవ దగ్గరికెళ్తే నల్లగా గడ్డకట్టిన లావా సముద్రపు అంచుదాకా కనిపిస్తుంది. అయినా మనకు కనిపించేది పైనున్న మూడున్నర వందల మీటర్లే; మిగతా దాదాపు 2 కి.మీ. కొండ నీళ్లలోనే. ఇంత బూడిదలోనూ మేకలున్నాయి! ఎప్పుడో ఓడలవాళ్లు వదిలిపోయినవాటి సంతతట. అవి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.