కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఆగదు: ఉద్దానంలో గ్లకోమా మందు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాల్సిన మాట

ఉద్దానంలో ఒళ్లునొప్పులకు మాత్ర వేసుకోవాలంటే జనం ఇప్పుడు ఒకసారి ఆగి ఆలోచిస్తున్నారు. నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బ తీస్తాయని డాక్టర్లు, ఆశా కార్యకర్తలు చెప్పగా చెప్పగా వచ్చిన జాగ్రత్త ఇది. కంటి చుక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ జాగ్రత్త పోతుంది. ‘కంట్లో ఏసుకున్న సుక్క కిడ్నీకేటి సేస్తాది?’ అనుకుంటాం. కంటి డాక్టరు ముందు కూర్చుని కళ్ల గురించే మాట్లాడి వచ్చేస్తాం. కిడ్నీ జబ్బు ఉందని గానీ, ఆయాసం ఉందని గానీ, బీపీ మాత్రలు వాడుతున్నామని గానీ చెప్పం. కంట్లో ఒత్తిడి తగ్గించే మందులు వాడేవాళ్లకు అసలు ప్రమాదం అక్కడే ఉంది.

కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బును డాక్టర్లు గ్లకోమా అంటారు, మన పెద్దలు నీటికాసులు అంటారు. కంటి లోపల నీరు లాంటి ద్రవం ఎప్పుడూ ఊరుతూ, ఒక సన్నని జల్లెడ గుండా బయటికి పోతూ ఉంటుంది. ఆ జల్లెడ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటుంది. బీపీ లాగే దీన్నీ మిల్లీమీటర్ల పాదరసంలో కొలుస్తారు. పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, ఎదుటి చూపు చివరి దాకా బాగానే ఉంటుంది. అందుకే మనిషికి తెలియదు. తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పది వేల మందికి పైగా పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేసింది. గ్లకోమా ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతి అప్పటి దాకా తెలియనే తెలియదని అందులో తేలింది.

ఈ మాట ఉద్దానం వాళ్లకు కొత్తగా అనిపించదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బూ ఇలాగే చడీచప్పుడు లేకుండా వచ్చింది. కారణం ఇదీ అని నేటికీ ఖాయంగా తేలలేదు. టెక్కలి, పలాస, సోంపేట, కవిటిలలో డయాలసిస్ కేంద్రాలు నడుస్తున్నాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇక్కడ ‘నీ క్రియాటినిన్ ఎంత?’ అని చదువు లేని రైతు కూడా అడగగలడు. సమస్యల్లా ఆ అంకె కంటి డాక్టరు గది దాకా వెళ్లకపోవడమే.

చుక్క వేసుకున్నాక ఏం జరుగుతుందో చూద్దాం. మన కంటికి ఒకేసారి పట్టేది చాలా కొంచెం, ఒక్క చుక్కలో సగానికి పైగా పొంగి పోతుంది. కొంత బుగ్గ మీదికి జారుతుంది. కొంత ముక్కు వైపున్న కంటి మూలలోని సన్నని రంధ్రం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగుతుంది. చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం చాలామందికి అనుభవమే. ముక్కు లోపలి పొర నుంచి మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రైతే ముందు కాలేయం గుండా వెళ్లి అక్కడ కొంత బలం పోగొట్టుకుంటుంది. చుక్క మందుకు ఆ వడపోత లేదు. అందుకే చిన్న చుక్కే కదా అని తీసిపారేయడానికి లేదు.

ఉదాహరణకు టిమోలోల్. 1978 నుంచి వాడుకలో ఉన్న మందు, ధర తక్కువ, కంటి ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది. అయితే ఇది బీటా బ్లాకర్ జాతి మందు. బీపీకి ఇచ్చే అటెనోలోల్, మెటోప్రోలోల్ దీని చుట్టాలే. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పొగతాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఇది ఆయాసం తెచ్చిపెట్టగలదు, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. గుండె కొట్టుకోవడం మందగిస్తుంది. కిడ్నీ రోగుల్లో చాలామంది బీపీకి ఇదే జాతి మాత్ర వాడుతుంటారు. దానికి ఈ చుక్కలు కూడా తోడైతే నాడి మరీ తగ్గి కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునే షుగర్ రోగులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడను ఈ మందు కప్పేస్తుంది, ప్రమాద హెచ్చరిక వినిపించకుండా పోతుంది.

కిడ్నీతో నేరుగా సంబంధం ఉన్న మందులు వేరే ఉన్నాయి. డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్ అనే చుక్కలు కంట్లో నీరు ఊరడాన్ని తగ్గిస్తాయి. రక్తంలో చేరిన ఈ మందును బయటికి పంపాల్సింది చాలావరకు కిడ్నీలే. కిడ్నీల వడపోత బాగా పడిపోయినవాళ్లకు, అంటే రిపోర్టులో ఆ అంకె 30 కంటే తక్కువ ఉన్నవాళ్లకు వీటిని సిఫారసు చేయరు. ఇబ్బంది ఏమిటంటే డోర్జోలమైడ్, టిమోలోల్ రెండూ కలిపిన సీసాలు బజారులో బాగా నడుస్తాయి. సీసా మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే మనకు కావాల్సింది. చదవలేకపోతే షాపులో అబ్బాయి చేతనో, ఇంట్లో పిల్లల చేతనో చదివించుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది అసెటజోలమైడ్ మాత్ర విషయంలో. డయామాక్స్ అనే పేరుతో చాలామందికి తెలుసు. కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినప్పుడు ఇస్తారు. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఒత్తిడి పెరగకుండా ఒకటి రెండు రోజులకు రాసేదీ ఇదే. కిడ్నీలు బాగున్నవాడికి అరచేతుల్లో తిమ్మిరి, నోట్లో ఒక రకం రుచి తప్ప పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కిడ్నీలు చెడినవాడిలో మాత్రం మందు బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మగతలో పడటం, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం జరుగుతుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతమో, ముసలితనమో అనుకుంటారు. ఒక పెద్దాయనను శుక్లాల క్యాంపుకు తీసుకెళ్లారనుకోండి. మండుటెండలో వరస, హడావుడి. ‘షుగర్ ఉందా, బీపీ ఉందా’ అని అడుగుతారు, కిడ్నీ మాట అడగడం మరిచిపోవచ్చు. అప్పుడు వెంట వెళ్లిన కొడుకో కోడలో నోరు విప్పాలి: ‘సార్, మా మావకి కిడ్నీ జబ్బుంది, క్రియాటినిన్ ఇంత.’ ఆ ఒక్క ముక్క చెబితే డాక్టరు మందు మారుస్తాడు.

మార్చడానికి మందులు లేకపోలేదు. లాటనోప్రోస్ట్ జాతి చుక్కలు రోజుకు ఒక్కసారి, రాత్రి వేసుకునేవి. మామూలుగా వీటి వల్ల కిడ్నీకి గానీ ఊపిరితిత్తులకు గానీ పెద్ద ఇబ్బంది ఉండదు. కనురెప్పల వెంట్రుకలు పొడవుగా పెరగడం, కంటి చుట్టూ నల్లబడటం, కొందరికి కన్ను ఎర్రబడటం ఉంటాయి. లేజర్ చికిత్స కూడా ఉంది. కాబట్టి ఇది చదివి సీసా పారేయకండి. చుక్కలు సొంతంగా మానేస్తే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, నరం మళ్లీ చావడం మొదలవుతుంది, అదీ నొప్పి లేకుండానే. మానడం, మార్చడం డాక్టరు పని, చెప్పడం మన పని.

ఇక వేసుకునే పద్ధతి. సరిగ్గా వేసుకుంటే రక్తంలోకి పోయే మందు తగ్గుతుంది, కంటికి పట్టేది పెరుగుతుంది. ముందు చేతులు కడుక్కోవాలి. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనిచేసేవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్నే కాల్చి బొబ్బలు తెస్తుంది, కంటికి తగిలితే ఇంకేమైనా ఉందా. మధ్యాహ్నం పని మధ్యలో, చేతికి బూడిదో నూనెో ఉండగా చుక్కలు వేసుకోవద్దు. సబ్బుతో బాగా కడిగాక వేసుకోవాలి, లేదా చేతులు శుభ్రంగా ఉన్న ఇంకొకరి చేత వేయించుకోవాలి. రోజుకు రెండుసార్లు వేసే మందైతే పనికి వెళ్లకముందు ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టుకుంటే పేచీయే ఉండదు.

తల వెనక్కి వాల్చి, లేదా మంచం మీద వెల్లకిలా పడుకుని, కింది రెప్పను మెల్లగా లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క చాలు. రెండోది వేస్తే అది బుగ్గకో, గొంతుకో తప్ప కంటికి కాదు. సీసా మూతి రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు, తగిలితే సూక్ష్మక్రిములు సీసాలోకి చేరతాయి. చేయి వణికే పెద్దవాళ్లు ఆ చేతిని నుదుటికి ఆనించుకోవాలి. చుక్క పడ్డాక కళ్లు మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. ముక్కులోకి దారి మూసేది ఇదే. పైసా ఖర్చు లేని పని, అయినా మన దగ్గర ఎక్కువమందికి ఎవరూ చూపించని పని. కన్ను టపటపా ఆర్పకూడదు. రెండు రకాల చుక్కలుంటే మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకుంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి వేళ దగ్గర పడితే ఆ పూటతోనే సరిపెట్టుకోండి, రెండు పూటలది ఒకేసారి వద్దు.

సీసా తెరిచిన తేదీని దాని మీద పెన్నుతో రాయండి. చాలా రకాలు నాలుగు వారాల తర్వాత, లాటనోప్రోస్ట్ అయితే ఆరు వారాల తర్వాత, అడుగున మందు మిగిలినా పనికిరావు. లాటనోప్రోస్ట్ సీసాల్లో చాలావాటిని తెరవకముందు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలి, ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు మందు పాడైపోయిందని కంగారుపడి మానేయొద్దు. రవాణాలో తెరవని సీసా 40 డిగ్రీల వరకు వేడిని 8 రోజుల దాకా తట్టుకుంటుందని ఈ మందును మొదట తెచ్చిన కంపెనీ లేబుల్‌లోనే ఉంది. నీడలో, కుండ పక్కన చల్లగా ఉంచి వాడుకుని, దారులు తెరుచుకున్నాక కొత్తది తెచ్చుకోవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే బియ్యం, కొవ్వొత్తులతో పాటు ఒక సీసా ముందే కొని పెట్టుకోవడం మంచిది.

షాపులో చీటీ లేకుండా కొనే చుక్కల గురించి కూడా ఒక మాట. కన్ను ఎర్రబడిందని, దురదగా ఉందని అడిగితే చేతిలో పెట్టే కొన్ని సీసాల్లో డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, ‘మంచి మందు’ అని పేరు వస్తుంది, ఇంటిల్లిపాదీ వాడతారు. కొందరిలో ఇవే కంటి ఒత్తిడిని పెంచి గ్లకోమా తెస్తాయి. ఒత్తిడి తగ్గించుకోవడానికి ఒక సీసా, పెంచుకోవడానికి ఒక సీసా కొనుక్కున్నట్టు అవుతుంది. సుర్మా అలవాటున్న ఇళ్లలో దాన్ని కూడా పక్కన పెట్టడం మేలు. వాటిలో చాలా రకాల్లో సీసం ఉంటుంది, సీసం కిడ్నీకి పగ.

రంజాన్ నెలలో పగటి చుక్క మానేసేవాళ్లున్నారు. 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సమావేశం కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. గొంతులో చేదు తగులుతుందని మనసుకు సందేహం ఉంటే మూల నొక్కి పట్టే పద్ధతి దానికీ పనికొస్తుంది. అప్పటికీ ఒప్పుకోకపోతే సహరీ ముందు, ఇఫ్తార్ తర్వాత వేసుకునేలా వేళలు మార్చమని డాక్టరునే అడగవచ్చు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లలో కొందరికి ఆ నాలుగు గంటల్లో కంటి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కన్ను లాగినా, నుదురు పగిలినట్టున్నా అక్కడి సిస్టర్‌కు వెంటనే చెప్పండి. ఇంటి దగ్గర కన్ను ఒక్కసారిగా ఎర్రబడి, భరించలేని నొప్పితో వాంతులై, దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తే అది గ్యాస్ కాదు, పార్శ్వపు నొప్పీ కాదు. తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే టెక్కలికో, పలాసకో, శ్రీకాకుళానికో కంటి డాక్టరున్న ఆసుపత్రికి బయలుదేరాలి. అక్కడ వెంటనే అసెటజోలమైడ్ మాత్ర గానీ, నరానికి మన్నిటాల్ సీసా గానీ పెట్టబోతారు. కిడ్నీ ఆగిపోయిన ఒంట్లో ఆ మన్నిటాల్ నీరు ఊపిరితిత్తులకు చేరవచ్చు. కాబట్టి వెంట వెళ్లినవాళ్లు కన్ను చూపించే ముందే కిడ్నీ రిపోర్టు, వాడే మందుల చీటీ, ఇంట్లో వాడుతున్న చుక్కల సీసా డాక్టరు చేతిలో పెట్టాలి.