పాజ్ నొక్కండి... నోరు విప్పండి!

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ని వారం రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కో చిత్రం గురించి గుచ్చి గుచ్చి అడిగి, సినిమా పిచ్చివాళ్లంతా ఈనాటికీ చదివే పుస్తకం తెచ్చిన ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫోకి ఇంగ్లీషు సరిగ్గా రాదంటే నమ్ముతారా? 1962లో ఆ సంభాషణ సాగినంతసేపూ ఇద్దరి మధ్యా హెలెన్ స్కాట్ అనే దుబాసీ వుంది. ప్రశ్న ఫ్రెంచిలో బయల్దేరి ఇంగ్లీషులో దిగేది. జవాబు తిరుగు బండిలో వచ్చేది!

అక్కడితో ఆగాడా? లేదు. 'ఫారెన్‌హీట్ 451' చిత్రాన్ని ఇంగ్లండు వెళ్లి ఇంగ్లీషులోనే తీశాడు. 1966లో విడుదలైంది. నటులు డైలాగు చెబుతుంటే అందులో పస వుందో లేదో దర్శకుడి చెవికి అందని పరిస్థితి! చివరికి ఆ ఇంగ్లీషు మాటలు ఆయనకే నచ్చలేదు. ఫ్రెంచి డబ్బింగే మేలన్నాడు. అసలు కంటే డబ్బింగు బావుందని దర్శకుడే ఒప్పుకోవడం మన దగ్గర ఎప్పుడైనా విన్నామా?

1973లో, నలభై దాటాక, ట్రూఫో లాస్ ఏంజెలెస్‌లో మకాం పెట్టి ఇంగ్లీషు పాఠాలకు కుదిరాడు. గురువు పేరు మిషెల్ థామస్.

ఈ థామస్ కథ తీస్తే అదే ఒక సినిమా. 1914లో పోలండులో పుట్టాడు. యుద్ధకాలంలో ఫ్రాన్సులో నిర్బంధ శిబిరాలు చూశాడు, రహస్య ప్రతిఘటన దళాల్లో పనిచేశాడు. 1947లో అమెరికా చేరి బెవర్లీ హిల్స్‌లో భాషల బడి తెరిచాడు. మొనాకో రాజుని పెళ్లాడబోయే గ్రేస్ కెలీకి ఫ్రెంచి నేర్పింది ఈయనే. ఎమ్మా థాంప్సన్‌కి స్పానిష్ నేర్పిందీ ఈయనే. ఆ గదిలో పెన్నూ, కాగితమూ నిషిద్ధం. హోంవర్కు లేదు. "గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించకండి, మరిచిపోతే తప్పు నాది" అన్నది ఆయన పద్ధతి. మన బళ్లో ఏ మేష్టారైనా ఇలా అని వుంటే ఎంత బావుండేది!

అయితే ఆ ఫీజు తారలకే తప్ప మనబోటి వాళ్లకి అందేది కాదు. 2000లో లండను ప్రచురణకర్తలు హాడర్ అండ్ స్టౌటన్ ఆయన పాఠాలని రికార్డు చేసి అమ్మకానికి పెట్టారు. అదీ మలుపు. రికార్డింగులో థామస్ వుంటాడు, ఇద్దరు కొత్త విద్యార్థులు వుంటారు. మూడో విద్యార్థివి నువ్వే! ఆయన ఇంగ్లీషులో ఒక వాక్యం అడుగుతాడు. వెంటనే పాజ్ నొక్కి, ఫ్రెంచిలో పైకి చెప్పాలి. ఆ తర్వాతే మిగతా ఇద్దరి జవాబూ వినాలి.

నేనీ ఫ్రెంచి కోర్సు పట్టడానికి ఓ కారణం వుంది. గోవా చిత్రోత్సవంలో ఒక ఫ్రెంచి దర్శకుడితో మాట్లాడాను. ఆయన అయిదు నిమిషాలు చేతులూపుతూ చెప్పాడు. మధ్యలో నవ్వాడు, ఓసారి గొంతు జీరబోయింది కూడా. దుబాసీ నావైపు తిరిగి "చాలా కష్టపడి తీశానంటున్నారు" అన్నాడు. అంతే! నా వ్యాసానికి మిగిలింది ఆ ఒక్క ముక్క.

ఇంటికొచ్చి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాను. సిటీ బస్సులో నాలో నేను గొణుక్కుంటుంటే పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లాడు. పోనీ! నోరు కదలకుండా వినడం వల్ల లాభం లేదు. పాటలు వినడంలో మనం మొనగాళ్లం కదా... అర్థం తెలియని హిందీ, తమిళ పాటలు చరణాలతో సహా అప్పజెబుతాం. ఆ భాషలో టీ అడగమంటే మాత్రం తెల్లమొహం వేస్తాం. 'ఏక్ దూజే కే లియే' (1981)లో హిందీ రాని కమల్ హాసన్ సినిమా పేర్లన్నీ గుచ్చి పాట కట్టి అమ్మాయి మనసు గెలిచాడంటే అది బాలచందర్ గారి చమత్కారం. బయట ఆ పేర్లతో రైలు టిక్కెట్టు కూడా రాదు. పాట మనకి తయారుగా దొరుకుతుంది, వాక్యాన్ని మనమే తయారుచెయ్యాలి. టేపులో ఆ నిశ్శబ్దం వున్నది అందుకే.

ఈ సంగతిని లెక్కగట్టి మరీ చెప్పినాయన అమెరికన్ భాషావేత్త పాల్ పిమ్స్‌లర్. 1967లో అచ్చయిన వ్యాసంలో కొత్త మాటని మళ్లీ ఎప్పుడెప్పుడు అడగాలో పట్టిక ఇచ్చాడు. 5 సెకన్లకి ఒకసారి, 25 సెకన్లకి, 2 నిమిషాలకి, 10 నిమిషాలకి, గంటకి, 5 గంటలకి, మర్నాటికి... అలా సాగి సాగి 2 ఏళ్ల దాకా! మరుపు వచ్చే ముందు క్షణంలో తలుపు తట్టడమన్న మాట. ఆయన పేరుతో వచ్చే కోర్సుల్లో పాఠం అరగంట, రోజుకి ఒకటే. రెండు వినేద్దామని అత్యాశ పడకండి.

ఇక మన చిక్కు. ఈ కోర్సులు ఎక్కువగా ఇంగ్లీషు వాళ్ల కోసం చేసినవి. "మీతో మాట్లాడాలని వుంది" అనడానికి ఫ్రెంచిలో 'జ వూద్రే పార్లే అవెక్ వూ'. ముక్కలు విడదీస్తే... వుంది, మాట్లాడాలని, తో, మీ! మన వాక్యాన్ని తోక పట్టుకుని తిరగేసినట్టే. ఈ కిటుకు టేపులో ఎవరూ చెప్పరు. పాజ్ నొక్కి, ప్రశ్నని ముందు తెలుగులో అనుకుని, చివరి నుంచి మొదలెట్టి చూడండి.

జపానీ నేర్చుకునే వారికైతే తిరగెయ్యడం కూడా అక్కర్లేదు. 'తోక్యో ని ఇకిమసు కా' అంటే "టోక్యోకి వెళ్తారా". 'ని' మన 'కి', చివర 'కా' మన ప్రశ్నార్థకపు 'ఆ'. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం వృథా శ్రమ. టేపువాడు ఇంగ్లీషులో అడిగినా మీరు తెలుగులోంచే జవాబుకి దారి చూసుకోండి.

ఇదంతా విని టేపు అయిపోగానే ఫ్రెంచి చిత్రాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూసేస్తారనుకోకండి. థామస్ నిదానంగా మాట్లాడతాడు, పారిస్ జనం ఆగరు. పైగా ఆయన ఉచ్చారణలోనూ పరదేశపు యాస వుంది. చదవడం, రాయడం వేరే సాధించాలి. ట్రూఫో సంగతే చూడండి. 1977లో స్పీల్‌బర్గ్ 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్'లో శాస్త్రవేత్తగా వేసినప్పుడు ఆ పాత్ర ఎక్కువగా ఫ్రెంచిలోనే మాట్లాడుతుంది. పక్కన మళ్లీ దుబాసీ!

మూడేళ్ల తర్వాత గోవాలోనే ఇంకో ఫ్రెంచి దర్శకురాలు తటస్థపడింది. "మీతో మాట్లాడాలని వుంది" అని ఆ తిరగేసిన వాక్యమే అన్నాను. ఆవిడ కుర్చీ నావైపు తిప్పుకుని గబగబా చెప్పుకుపోయింది. సగమే అందింది. తక్కిన సగం కోసం పాజ్ నొక్కే వీల్లేదు కనక, "కాస్త మెల్లిగా" అని ఫ్రెంచిలోనే అడిగాను.